మీసాల కుడుములు

లాస్ గార్సాస్,
ఫిబ్రవరి 24.

రెమెదియోస్ వదినకు,

ఈ చేతిరాత మీరు ఎరగరు. నేను హసింతోను, మీ చెల్లెలు ఓతీలియా భర్తను. మీకు ఇది నా మొదటి ఉత్తరం. మీరు ఈ ఊళ్లో ఉన్న రోజుల్లో కూడా మీ ఎదుట నాలుగు మాటలకు మించి మాట్లాడలేదు. దాన్ని గర్వం అనుకున్నారేమో. గర్వం కాదు. నాకు మాట రాదు.

అత్త పోయినప్పటి నుంచి మీరూ ఓతీలియా ఒకరికొకరు రాసుకోలేదు. ఇరవై నాలుగేళ్లయింది. మధ్యలో దూరడానికి నేనెవరిని. కానీ ఒక అవసరం పడింది.

అత్త మీసాల కుడుములు చేసేది కదా. మొక్కజొన్న ముద్దలో రొయ్యను తలతో సహా పెట్టి, మీసాలు బయటికి వదిలి, పొత్తు డొప్పలో చుట్టి ఆవిరి మీద ఉడికించేది. అది ఎలా చేయాలో రాసి పంపండి. ఓతీలియాకు ఈమధ్య తిండి తగ్గింది. ఏం పెట్టినా రెండు ముద్దలు తిని కంచం తోసేస్తుంది. మొన్న ఆ కుడుములు అడిగింది. ఎలా చేయాలంటే చెప్పడం లేదు. పక్కింటి చోలేకు తెలుసుగానీ ఆమె చేత్తో చేసినవి ఓతీలియా ముట్టలేదు.

యాభై ఏళ్లు రొయ్యలు పట్టాను. ఒక్కటి కూడా పొయ్యి మీద పెట్టి ఎరగను. ఏటికి అడ్డంగా రొయ్యల కోసం వేసిన మా కట్టు దగ్గర నిమ్మకాయ పిండుకుని పచ్చివే తినేవాళ్లం.

మార్చి నెలాఖరుకు ఏరు మూసేస్తారు. మళ్లీ సెప్టెంబరు దాకా వల వేయకూడదు. అందుకే తొందర పెడుతున్నాను.

మీకు రాస్తున్నట్టు ఆమెకు తెలియదు.

హసింతో


మెహికాలీ,
మార్చి 9.

హసింతో గారికి,

కవరు మీద మీ ఊరి ముద్ర చూసి ఎవరో పోయారనుకున్నాను. మీ ఊరి నుంచి నాకు వచ్చే కబుర్లు అవే కదా. అవి కూడా పూడ్చిపెట్టిన ఇరవై రోజులకు. కుర్చీలో కూర్చుని, నీళ్లు తాగి, అప్పుడు విప్పాను. చూస్తే కుడుములు!

దొరసానికి చెయ్యి పడిపోయిందా, మొగుడి చేత రాయిస్తోంది? ఆమెకు తెలియదని మీరు రాశారు. నేను నమ్మాలి. ఆ ఇంట్లో ఆమెకు తెలియకుండా కోడి గుడ్డు కూడా పెట్టగలదా?

సరే. అమ్మ చేసిన వంటకు మన గొడవలతో పని లేదు. రాస్తున్నాను.

మొక్కజొన్నలు సున్నపు నీళ్లలో ఉడకబెట్టి, పొట్టు పోయేదాకా కడిగి, రాత్రంతా నానేసి రుబ్బుకోవాలి. మరలో ఆడించిన పిండి తెస్తే నాకు చెప్పకండి. పంది కొవ్వును చేత్తో తెల్లగా నురుగొచ్చేదాకా కొట్టాలి, భుజం నొప్పి పుట్టాలి. అందులో మొక్కజొన్న ముద్ద, రొయ్యల ఉడుకునీళ్లు, నానేసి నూరిన ఎండుమిరప ముద్ద, ఉప్పు. కలిపాక ఒక గోళీ అంత తీసి గ్లాసు నీళ్లలో వేయండి. తేలితే సరే. మునిగితే ఇంకా కొట్టండి.

కుండ అడుగున నీళ్లలో ఒక నాణెం బిళ్ల వేయండి. నీళ్లు ఉన్నంతసేపు గలగలమంటుంది. చప్పుడు ఆగితే నీళ్లు అయిపోయినట్టు. మూత ఊరికే తీసి చూడకండి. దిష్టి తగలకుండా కుండ చెవులకు రెండు డొప్ప పీలికలు ముడేయండి. ఇంట్లో కోపంగా ఉన్న మనిషి వంటింట్లోకి రాకూడదు. వస్తే గంటలు గంటలు ఉడికించినా లోపల పచ్చిగానే ఉంటాయి. అమ్మ మమ్మల్నిద్దర్నీ ఎన్నిసార్లు బయటికి తరిమిందో మీ ఆవిడకు గుర్తుండే ఉంటుంది.

మిరపకాయలు ఎన్ని అని అడగకండి. అది అమ్మ చేతికి తెలుసు, నా చేతికి తెలుసు. కాగితం మీదికి రాదు.

ఇక్కడ ఎడారి. రొయ్య ఐసులో వస్తుంది, మీసాలు విరిగిపోయి. నేను వండి పదేళ్లయింది.

జవాబు మీకు ఇచ్చాను. ఆమెకు కాదు.

రెమెదియోస్


లాస్ గార్సాస్,
మార్చి 24.

వదినకు,

మీ ఉత్తరం రెండు రోజులు చదివాను. చేశాను. పచ్చిగా వచ్చాయి.

ఒక తప్పు నాదే. ఓతీలియా పళ్లు బాగాలేవు. మీసాలు గొంతులో గుచ్చుకుంటాయని భయపడి తలలు తీసేశాను, పొట్టు ఒలిచాను. కంచంలో పెట్టాను. ఆమె డొప్ప విప్పి చాలాసేపు చూసింది.

"ఇవి ఎవరింటివి?" అంది.

"మనింటివే."

"మనింటివైతే మీసాలేవి? మంగలి దగ్గరికి పోయొచ్చాయా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. కంచం తోసేసింది.

మీకు మొదటి ఉత్తరంలో సగమే రాశాను. ఓతీలియాకు తిండి తగ్గడం ఒక్కటే కాదు. పోయిన వానల నుంచి మనుషుల్ని మరిచిపోతోంది. మొదట పేర్లు పోయాయి. తర్వాత ముఖాలు. సాయంత్రం కాగానే నాతో అంటుంది, "పెద్దాయనా, ఇక మీ ఇంటికి వెళ్లండి. మా ఆయన కట్టు నుంచి వచ్చే వేళయింది. పరాయి మగవాళ్లు ఉంటే బాగుండదు." నేను లేచి బయటికి వెళ్తాను. పెరట్లో కాసేపు కూర్చుంటాను. టోపీ పెట్టుకుని ముందు తలుపు నుంచి వస్తాను. "వచ్చావా" అంటుంది. రోజూ ఇదే.

నన్ను మరిచింది గానీ మిమ్మల్ని మరవలేదు. తలుపు చప్పుడైతే "రెమె" అంటుంది. మీ ఇద్దరూ చిన్నపిల్లలైనట్టు మాట్లాడుతుంది. ఆ కుడుములు కూడా నన్ను కాదు, మిమ్మల్ని అడిగింది. అందుకే రాశాను.

చోలే వచ్చి పచ్చి కుడుము వేలితో నొక్కి చూసింది. "హసింతో అన్నా, ఇంట్లో కోపం ఎవరికి?" అంది. ఎవరికీ లేదన్నాను. "మీరు చెప్పకపోతే ఏం, కుండ చెప్పేసిందిగా" అని పోయింది.

వచ్చే వారం ఏరు మూస్తారు. ఇంకోసారి చేయడానికి తాజా రొయ్య దొరకదు. మిరపకాయలు ఎన్నో రాయండి. నేను పన్నెండు వేశాను.

హసింతో


మెహికాలీ,
ఏప్రిల్ 4.

మరిదీ,

తల తీసేస్తే ఇంకేం మిగిలింది? రుచంతా ఆ తలలోని కొవ్వులోనే కదా. మీసాలు బయట ఎందుకుంటాయో తెలుసా? లోపల నిజంగా రొయ్య ఉందని తినేవాళ్లకు తెలియడానికి. అమ్మ అనేది, "మోసం లేదని చెప్పే మీసాలు ఇవి" అని. చిన్నప్పుడు నేనూ ఓతీలియా ఎవరి కుడుముకు పొడుగు మీసం ఉందో కొలుచుకునేవాళ్లం. పొడుగు మీసం ఎప్పుడూ నేనే లాక్కునేదాన్ని. ఏడ్చేది. ఏడిస్తే మరీ లాక్కునేదాన్ని.

నీ ఉత్తరం వచ్చిన రోజు లాండ్రీలో పనికి పోలేదు. ఎప్పటి నుంచి ఇలా ఉంది? డాక్టరుకు చూపించావా? ఏమన్నాడు? నాలుగు పేజీల కాగితం కొనుక్కుని అర పేజీ రాసే మనిషివి నువ్వు. ఈసారి పేజీ నిండా రాయి.

తాజావి దొరకకపోతే ఎండువి ఉన్నాయిగా. ఈస్టరు ముందరి ఉపవాసాల రోజులు కూడా ఇంకా అయిపోలేదు. ఎండు రొయ్యలు దంచి పొడి చేయి. కోడిగుడ్డు తెల్లసొన నురుగు గట్టిపడేదాకా గిలకొట్టి, పచ్చసొన కలిపి, అందులో ఈ పొడి వేసి నూనెలో గరిటెడు గరిటెడు వేయి. బిళ్లల్లా పొంగుతాయి. ఉప్పు వేయకు, రొయ్యలోనే ఉంది. వాటిని ఎర్ర మిరప పులుసులో, ముళ్లు తీసి ఉడికించిన లేత నాగజెముడు ముక్కలతో కలిపి పెట్టు. మెత్తగా ఉంటాయి. పళ్లు అక్కర్లేదు.

నన్ను అడుగుతోందా? ఏమని అడుగుతోంది?

అడిగిందని నేను రాను. అది వేరే సంగతి. అమ్మ మంచాన పడితే కబురు పెట్టడం మరిచిపోయానని రాసిన మనిషి అది. మరిచిపోయిందట! ఇప్పుడు నిజంగానే అన్నీ మరిచిపోతోందంటే నాకు సంతోషం కలగాలి. కలగడం లేదు.

పన్నెండు ఎక్కువ.

రెమెదియోస్


లాస్ గార్సాస్,
ఏప్రిల్ 22.

వదినకు,

ఎండు రొయ్యల బిళ్లలు చేశాను. మొదటి వాయి మాడింది. రెండో వాయి పొంగింది. ఓతీలియా రెండు తింది. రెండో బిళ్ల తింటూ "అక్క చేసింది" అంది. అవునన్నాను. నేను నెల రోజుల్లో చూసిన మంచి రోజు అది.

పేజీ నిండా రాయమన్నారు. రాస్తాను.

కుండ ఎందుకు ఉడకలేదో నాకు తెలుసు. కోపం కాదు. దాచిపెట్టింది ఉంది. ఆమె దాచలేదు. నేను దాచాను.

అత్త మంచాన పడ్డ రెండో రోజు ఉదయం ఓతీలియా ఒక కాగితం మీద రాసిచ్చింది. 'అమ్మకు బాగాలేదు. వెంటనే రా.' అంతే. ఎస్క్వినాపా వెళ్లి మీకు టెలిగ్రాం ఇవ్వమంది. వెళ్లాను. గుమాస్తా కాగితం చూసి, "ఇలా పనికిరాదు, ఫారం నింపుకుని రా" అని కిటికీ లోంచి తోశాడు. నేను రెండో తరగతి దాకా చదివాను. పేరు పెట్టడం వచ్చు. మిగతా అక్షరాలు అప్పటికే పోయాయి. నా వెనక పది మంది ఉన్నారు. అందులో మా రొయ్యల కోపరేటివ్ వాళ్లు ఇద్దరు. ఎవరినైనా "కాస్త రాసిపెట్టండి" అంటే అయిపోయేది. నోరు పెగల్లేదు. రేపు వస్తానని చెప్పి పక్కకు జరిగాను. కాగితం టోపీ లోపలి పట్టీలో పెట్టాను.

అది ఏరు తెరిచిన వారం. రేవులో పడవ నా కోసం ఆగి ఉంది. ఎక్కాను. తొమ్మిది రోజులు కట్టు దగ్గరే ఉన్నాను. రోజూ రేపు వెళ్దామనుకున్నాను. ఆరో రోజు అత్త పోయింది, నాకు ఒడ్డుకు వచ్చాకే తెలిసింది.

ఓతీలియా ఆ ఆరు రోజులూ అత్తతో "బయల్దేరింది, దారిలో ఉంది" అని చెబుతూనే ఉంది. కబురు అందిందనుకుంది. మీరే రాలేదనుకుంది. నేను వచ్చాక టోపీ ఉతుకుతుంటే కాగితం దొరికింది. ఆమె అరవలేదు. మెట్టు మీద కూర్చుని చాలాసేపు ఆ కాగితం ఆరబెట్టింది. తర్వాత అంది, "నువ్వని తెలిస్తే మా అక్క నిన్ను జన్మలో క్షమించదు. నన్నయితే ఎప్పటికో ఒకప్పటికి వదిలేస్తుంది. చెల్లెల్ని కదా." మరిచిపోయానని ఆమే మీకు రాసింది.

ఆ చలికాలం రోజూ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి నాకు అక్షరాలు నేర్పింది. "ఇంకెప్పుడూ ఏ కిటికీ ముందరా తల దించుకోకూడదు" అనేది. ఈ ఉత్తరం ఆ చేతిరాతే.

ఇరవై నాలుగేళ్లు మీరు రాస్తారని చూసింది. పోస్టతను వచ్చే వేళకు గడపలో ఉండేది. నేను అప్పుడూ నోరు విప్పలేదు.

నన్ను తిట్టండి. ఆమె దగ్గరికి రండి.

హసింతో


లాస్ గార్సాస్,
జూన్ 12.

వదినకు,

జవాబు లేదు. న్యాయమే.

ఓతీలియా మంచం దిగడం లేదు. రొయ్యల ఉడుకునీళ్లు చెంచాతో తాగుతోంది. ఎండువే. వడగట్టి ఇస్తున్నాను. ఈమధ్య సాయంత్రాలు నన్ను ఇంటికి వెళ్లమనడం లేదు. టోపీ పెట్టుకుని వచ్చినా "వచ్చావా" అనడం లేదు. వెళ్లమన్న రోజులే నయం.

"రెమె" అనడం మాత్రం మానలేదు.

హసింతో


లాస్ గార్సాస్,
జూలై 20.

వదినకు,

వానలు మొదలయ్యాయి. ఏట్లోకి మంచినీళ్లు దిగుతున్నాయి. పిల్ల రొయ్య బాగా కనిపిస్తోందట.

ఆమె ఉంది.

హసింతో


మెహికాలీ,
ఆగస్టు 6.

హసింతోకు,

మూడు నెలలు నీకు రాయకుండా కూర్చున్నాను. రాసినవి చింపేశాను. వాటిలో నిన్ను ఏమేం తిట్టానో నీకు తెలియకపోవడమే మంచిది. నీ టోపీని తిట్టాను. నీ పడవను తిట్టాను. రెండో తరగతిలో నీకు చదువు చెప్పిన పంతుల్ని కూడా వదల్లేదు. "కాస్త రాసిపెట్టండి." రెండు ముక్కలు! ఆ రెండు ముక్కలు అనడానికి సిగ్గుపడ్డావని మా అమ్మ తలుపు వైపు చూస్తూ పోయింది.

రెండుసార్లు సంచి సర్దుకుని బస్టాండుకు వెళ్లాను. మొదటిసారి టికెట్టు కొని మరీ వెనక్కొచ్చాను. నీ ముఖం చూడలేక అని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం.

ఇప్పుడు నేను చెప్పేది విను. ఇది ఎవరికీ చెప్పలేదు, పోయిన నా మొగుడికి కూడా.

అమ్మకు బాగాలేదని నాకు తెలుసు.

నీ టెలిగ్రాం రాకపోయినా తెలుసు. ఎండు రొయ్య బస్తాలు వేసుకుని ఇక్కడికి వచ్చే లారీ డ్రైవరు ఒకతను ఉండేవాడు, మీ పక్క ఊరివాడే. బజార్లో కనబడి, "మీ అమ్మ మంచంలో ఉందట, తల్లీ" అన్నాడు. అప్పటికి ఇంకా బతికే ఉంది. ఆ పూటే బస్సెక్కితే అందుకునేదాన్ని. ఎక్కలేదు. ఎందుకో చెప్పనా? నన్ను పిలవలేదని. పరాయివాడి నోట వినాలా, కావాలంటే వాళ్లే టెలిగ్రాం ఇస్తారు, అప్పుడు వెళ్తాను అనుకున్నాను. రోజూ పని నుంచి వచ్చి తలుపు కింద చూసేదాన్ని. రాలేదు. రానందుకు లోపల లోపల మంట. ఆ మంటలోనే ఇరవై రోజులు గడిచాయి. తర్వాత ఓతీలియా ఉత్తరం వచ్చింది, మరిచిపోయానని.

ఎంత హాయి అనిపించిందో తెలుసా ఆ ఉత్తరం చూసి. తప్పు చేసిన మనిషి దొరికింది. ఇరవై నాలుగేళ్లు ఆ మనిషిని పట్టుకుని వేలాడాను, నా వైపు చూసుకోకుండా.

ఇప్పుడూ అదే చేస్తున్నాను చూడు. నువ్వు రండి రండి అని రాస్తున్నావు, నేను తలుపు కింద చూస్తూ కూర్చున్నాను.

ఏరు సెప్టెంబరు పదిహేనున తెరుస్తారు కదా. ఆ రోజుకు వస్తాను. తాజా రొయ్యలతో నేనే చేస్తాను. మిరపకాయలు నా చేత్తో వేస్తాను. పొడుగు మీసం దానికే ఇస్తాను.

ఈ ఉత్తరం దానికి చదివి వినిపించు. తెలిసినా తెలియకపోయినా వినిపించు.

రెమె


లాస్ గార్సాస్,
ఆగస్టు 21.

వదినకు,

చదివి వినిపించాను. గట్టిగా చదవడం నాకు అలవాటు లేదు. చోలే తలుపు దగ్గర నిలబడి వింది, ఏడ్చింది. ఓతీలియా కళ్లు మూసుకుని ఉంది. అయిపోయాక "మళ్లీ" అంది. మళ్లీ చదివాను.

తర్వాత ఒక తప్పు పని చేశాను. యాభై ఏళ్లలో ఏరు మూసి ఉండగా వల వేయలేదు. మొన్న తెల్లారాక విసురు వల తీసుకుని మడ చెట్ల పక్కకు వెళ్లాను. కావలి కాసే ఎఫ్రెన్ చూశాడు. అతను మా కోపరేటివ్ వాడే. నన్ను చూసి, వలను చూసి, "ఏంటి బావా, వయసు మళ్లాక దొంగతనం మొదలెట్టావా?" అన్నాడు.

"ఓతీలియాకు" అన్నాను.

అతను టోపీ కళ్ల మీదికి లాక్కుని అటు తిరిగి కూర్చున్నాడు. "ఇరవై. ఇరవై ఒకటోది పట్టావంటే నేను మేలుకుంటాను" అన్నాడు. పద్దెనిమిది చాలు అనిపించింది.

తలలతోనే చేశాను. మీసాలు బయటికి వదిలాను. ముద్ద తేలింది. కుండ చెవులకు పీలికలు కట్టాను. మూత తీయలేదు. బిళ్ల చప్పుడు వింటూ కూర్చున్నాను.

సగం ఉడికాయి. అంచులు ఉడికాయి, నడుమ పచ్చి. మెహికాలీలో మీ దగ్గర ఇంకా సగం కోపం మిగిలి ఉందేమో అని చోలే అంది.

ఉడికిన అంచు నలిపి ఓతీలియా నోట్లో పెట్టాను. రొయ్య తల పీల్చింది. మీసం ఒకటి వేళ్ల మధ్య పట్టుకుంది. ఆ వేళ్లతో దాన్ని సాగదీసి కొలిచింది. "ఇది నాది" అంది. ఇంకెవరో లాక్కుంటారన్నట్టు గుప్పిట మూసుకుంది. నిద్రలో కూడా విప్పలేదు.

వదినా, పదిహేను దాకా ఆగకండి. ఊపిరి వేరేగా వస్తోంది. డాక్టరు వచ్చి వెళ్లాడు. నాతో ఏమీ చెప్పలేదు. చోలేతో చెప్పాడు.

ఉత్తరం చేరడానికి పది రోజులు పడుతుంది. అదే భయం.

హసింతో


టెలిగ్రాం
ఎస్క్వినాపా, సెప్టెంబరు 2.

చెల్లికి బాగాలేదు. వెంటనే రా. హసింతో.


మెహికాలీ,
సెప్టెంబరు 28.

మరిదీ,

చేరి రెండు వారాలైంది. బస్సు ఈసారి ఏ ఏటి దగ్గరా ఆగలేదు. వచ్చేటప్పుడు ఆగింది. వరద దిగేదాకా పధ్నాలుగు గంటలు రోడ్డు మీద నిలబడ్డామని నీకు చెప్పానో లేదో. పూడ్చాక చేసే తొమ్మిది రోజుల జపాలకు వచ్చేవాళ్లతో ఇల్లు నిండి ఉంది, నీతో సరిగ్గా నాలుగు మాటలు మాట్లాడలేదు. ఇన్నాళ్లూ నిన్ను మూగవాడని తిట్టిన నోరు, అక్కడ నాకే పెగల్లేదు.

నీ టెలిగ్రాం నాకు అదే రోజు మధ్యాహ్నం అందింది. గంటలో బస్సులో ఉన్నాను. చేతిలో ఆ కాగితం పట్టుకునే కూర్చున్నాను. ఇరవై నాలుగేళ్ల కిందట ఇది నా చేతిలో ఉండాల్సింది అని కాదు, ఈసారి ఉంది అని.

మీ వీధిలోకి తిరిగేసరికి నాలుగో తారీఖు సాయంత్రం. అంతా అయిపోయి ఉంటుందనుకున్నాను. మన ఎండల్లో ఒక రోజు మించి ఎవరు ఉంచుతారు? చూస్తే వాకిట్లో జనం, గొణుగుళ్లు, గుమ్మంలో నువ్వు. టోపీ లేదు. ముందురోజే పోయిందని చోలే చెప్పింది. ఫాదరు తొందర పెట్టాడట, కోపరేటివ్ వాళ్లు పెట్టె ఎత్తడానికి వచ్చారట. నువ్వు గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఊరు ఊరంతా వినేలా అరిచావట, "వాళ్ల అక్క రావాలి. ఆమె చూసేదాకా ఎవరూ ముట్టుకోకండి" అని. "ఆయనకు అంత గొంతు ఉందని ఇన్నేళ్లూ మాకెవరికీ తెలియదు వదినా" అంది చోలే.

ముఖం చూశాను. చాలు అని అందరూ అంటున్నారు. చాలదు, మరిదీ. కళ్లు తెరిచి ఉన్న ముఖం చూడాల్సింది. టికెట్టు కొనుక్కుని కూడా తిరిగొచ్చిన దాన్ని, ఎవరిని అడగను? నువ్వు ఈసారి ఆలస్యం చేయలేదు. చేసింది నేను.

దాని గుప్పిట విప్పబోతే నువ్వు వద్దన్నావు. అప్పుడు ఎందుకో అర్థం కాలేదు. ఇక్కడికి వచ్చాక తలుపు కింద నీ ఆగస్టు ఉత్తరం ఉంది. చదివాను. ఆ మీసం దానితోనే పోయిందన్నమాట.

ఉప్పు జాడీ వెనక ఒక రేకు డబ్బా వదిలి వచ్చాను. అందులో ఎండుమిరపకాయలు ఉన్నాయి. ఎన్ని వేయాలో మళ్లీ రాయలేదు. చేతకాక కాదు. అది కూడా రాసేస్తే ఇక నాకు నువ్వు రాయవేమోనని.

ఏరు తెరిచారా?

రెమె


లాస్ గార్సాస్,
అక్టోబరు 19.

వదినకు,

ఏరు తెరిచారు. నేను కట్టుకు వెళ్లడం లేదు. ఎఫ్రెన్ ఒక బుట్ట తెచ్చి గడపలో పెట్టి, "ఇవి దొంగవి కావులే" అని పోయాడు. మంచి రొయ్య. పొడుగు మీసాలు.

నిన్న కుడుములు చేశాను. మీ డబ్బాలోంచి తొమ్మిది మిరపకాయలు తీశాను. కొవ్వు భుజం నొప్పి పుట్టేదాకా కొట్టాను. గ్లాసులో ముద్ద తేలింది. కుండ చెవులకు పీలికలు కట్టాను. సాయంత్రం కాగానే ఎప్పటిలాగే లేచి పెరట్లోకి వెళ్లాను. ఎవరూ వెళ్లమనలేదు. అలవాటు. బయట నుంచి బిళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. టోపీ పెట్టుకుని ముందు తలుపు నుంచి వచ్చాను.

కుండ దించాను. ఒకటి విప్పాను. అంచూ ఉడికింది, నడుమా ఉడికింది. డొప్ప నుంచి ముద్ద శుభ్రంగా ఊడి వచ్చింది. ఇంకోటి విప్పాను. అదీ అంతే. అన్నీ ఉడికాయి.

చోలే ఒకటి తింది. వేళ్లు నాకింది. "అచ్చం మీ అత్త చేసినట్టే ఉన్నాయి అన్నా. చూశారా, ఇప్పుడు ఈ ఇంట్లో ఎవరికీ కోపం లేదు" అంది. అన్నాక నోరు నొక్కుకుంది.

నిజమే కదా వదినా. కోపం తెచ్చుకునే మనిషి ఇంట్లో లేదు. అందుకే ఉడికాయి. పచ్చివే నాకు బాగుండేవి. పచ్చివి తోసేయడానికి ఆమె ఉండేది.

తొమ్మిది కూడా ఎక్కువేనేమో. కారం నాకు తెలియలేదు. ఎన్నో రాయకండి. డిసెంబరులో రండి. మీ చేత్తో మీరే వేయండి. రాకముందు టెలిగ్రాం ఇవ్వండి, బస్టాండుకు వస్తాను. ఇక్కడి నుంచి ఇవ్వాల్సి వస్తే నేనూ ఇస్తాను. ఆ కిటికీ నాకు ఇప్పుడు అలవాటైంది. ఆ రోజు సెప్టెంబరులో ఫారం నేనే నింపాను. గుమాస్తా పైకి చదివాడు. వెనక చాలామంది ఉన్నారు. తల దించుకోలేదు.

పన్నెండు చేశాను. చోలే మూడు పట్టుకెళ్లింది. నేను ఒకటి తిన్నాను. అన్నిటికంటే పొడుగు మీసం ఉన్నది బల్ల మీద ఓతీలియా కూర్చునే వైపు పెట్టాను. మిగతావి ఎవరికి పెట్టాలో తెలియక మూత పెట్టి ఉంచాను.

హసింతో